ఇల్లు లేని విద్యార్థుల గురించి రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. మీ ఊరి రోటరీ క్లబ్బువారు ఇల్లు లేని విద్యార్థుల కోసం చేస్తున్న పనిని అమెరికాలోని తెలుగువారికి తెలియజెప్పాలని నువ్వు పూనుకోవడం నాకెంతో సంతోషం కలిగించింది. భాష మీద నీకు పట్టు ఉంది, వాక్యం ఎక్కడ ఆపాలో తెలుసు. అయితే వ్యాసమంతా స్కూలు బ్యాగులు పంచిన ఒక్క సాయంత్రం చుట్టూనే తిరిగింది. ఎన్ని బ్యాగులు ఇచ్చారో, వేదిక మీద ఎవరెవరు కూర్చున్నారో, ఎవరు ఏం మాట్లాడారో అన్నీ ఉన్నాయి కానీ, ఆ బ్యాగు అందుకున్న పిల్ల మర్నాడు బడికి ఎలా వెళ్లిందో, వెళ్లగలిగేలా ఎవరు ఏర్పాటు చేశారో లేదు. చట్టం ఆ పిల్లకు ఏమిచ్చింది, ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయింది, అక్కడి నుంచి క్లబ్బు దేన్ని అందిపుచ్చుకుంది అన్నది చూపించనిదే ఈ విషయం మీద రాసిన వ్యాసం నిలబడదని నా గట్టి నమ్మకం.

కాబట్టి ముందు చట్టం చదువు. 1987లో వచ్చిన ఆ చట్టాన్ని ఇప్పుడు మెకిన్నీ-వెంటో చట్టం అంటున్నారు. అమెరికా ప్రతినిధుల సభలో కనెక్టికట్‌కు చెందిన రిపబ్లికన్ సభ్యుడు స్టూవర్ట్ మెకిన్నీ, మిన్నెసోటాకు చెందిన డెమొక్రాట్ సభ్యుడు బ్రూస్ వెంటో, ఇద్దరి పేర్లూ అందులో కలిసి ఉన్నాయి. రాత్రి పడుకోవడానికి స్థిరమైన, రోజూ దొరికే, తగిన చోటు లేని పిల్లలందరూ దాని కిందికి వస్తారు. చిరునామా రుజువు లేకపోయినా, టీకాల కాగితాలు, పాత బడి రికార్డులు చేతిలో లేకపోయినా వారిని వెంటనే చేర్చుకోవాలి. ఉండే చోటు మారినా, పిల్లకు అదే మేలనుకుంటే పాత బడిలోనే కొనసాగనిచ్చి, రాకపోకలకు బండి ఏర్పాటు చేయాలి. బడిలో భోజనం ఉచితం. ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌లోనూ, అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థలోనూ, ఈ పిల్లల సంగతి చూసే లైజాన్ ఒకరు ఉండి తీరాలి. నీ వ్యాసంలో ‘క్లబ్బు సభ్యుల దయ వల్లనే ఈ పిల్లలు బడి ముఖం చూడగలుగుతున్నారు’ అన్న వాక్యం ఉంది, దాన్ని తీసెయ్యి. బడిలో చోటు వారి హక్కు. హక్కును దానంగా రాస్తే క్లబ్బుకు పొగడ్త దక్కుతుందేమో కానీ, అది చదివిన పేద తల్లి ఆ హక్కు తనకు ఉందని తెలుసుకోలేదు.

ఇక అంకెల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. 2022–23 విద్యాసంవత్సరంలో అమెరికా ప్రభుత్వ బడులు ఇల్లు లేనివారుగా గుర్తించిన విద్యార్థులు సుమారు 13 లక్షల 70 వేల మంది. వారిలో దాదాపు ముప్పాతిక వంతు షెల్టర్లలోనో కార్లలోనో ఉన్నవారు కారు. అద్దె కట్టలేక ఇల్లు పోగొట్టుకుని, బంధువుల ఇంట్లోనో స్నేహితుల ఇంట్లోనో తలదాచుకుంటున్నవారు. హౌసింగ్ శాఖ జనవరిలో ఒక రాత్రి వీధుల్లోనూ షెల్టర్లలోనూ తీయించే లెక్కలో వీరు కనబడరు, అందువల్ల ఆ శాఖ అంకెకూ బడుల అంకెకూ పొంతన ఉండదు. నువ్వు ఏ అంకె వాడినా అది ఎవరి లెక్కో అదే వాక్యంలో చెప్పాలి.

మన పాఠకుడు సరిగ్గా ఇక్కడే ఆగుతాడు. ‘పిన్నిగారింట్లో ఉంటే ఇల్లు లేదనడమేమిటి? మేమంతా అలా చదువుకున్నవాళ్లమే కదా’ అంటాడు. ఆ ప్రశ్నను దాటవేయకు, దాని దగ్గర ఆగి ఓపికగా జవాబు చెప్పు. అద్దె ఒప్పందంలో పేరు లేని మనుషులు ఎక్కువ రోజులు ఉన్నారని అపార్ట్‌మెంట్ యాజమాన్యానికి తెలిస్తే ఆశ్రయం ఇచ్చినవారికే ఖాళీ చేయమని నోటీసు రావచ్చు. అందుకే ఆ తల్లి తన పెట్టెలు విప్పదు, పిల్లలు హాలులో సోఫా మీద పడుకుని ఇంటివారు లేచేలోపు దుప్పట్లు మడిచి పెడతారు, ఇంటివారి మధ్య మాట తేడా వస్తే ఆ రాత్రికే బయలుదేరవలసి ఉంటుంది. వారాలు చేసుకుని చదువుకున్న పెద్దల కథలు మన ఇళ్లలో ఇంకా చెప్పుకుంటారు. సోమవారం ఒక ఇంట, మంగళవారం మరో ఇంట విస్తరి ముందు కూర్చున్న ఆ కుర్రవాడికి ఏ ఇంట్లో మారు వడ్డించమని అడగవచ్చో, ఏ ఇంట్లో అడగకూడదో తెలిసేది. ఈ పిల్లలకు తెలిసినదీ అదే. ఈ ఒక్క పోలికతో మన పాఠకుడికి విషయం అర్థమవుతుంది. అయితే ఆ రోజులను గొప్ప చేసి రాయకు. వారాల భోజనం అందరికీ దొరకలేదు, ఏ పిల్లవాడికి ఏ గడప తెరుచుకోవాలో కులమే నిర్ణయించింది.

ఇప్పుడు క్లబ్బు పని దగ్గరికి వద్దాం. సామాను సర్దే రోజు మొదటి నుంచి చివరి దాకా అక్కడే ఉండు. లైజాన్ పంపే కాగితంలో ఏముంటుందో చూడు. పిల్లల పేర్లు ఉండవు, వరుస సంఖ్య, బట్టల కొలత, చెప్పుల సైజు మాత్రమే ఉంటాయి. పిల్ల ఎక్కడ ఉంటోందన్న సమాచారాన్ని బడి రికార్డులాగే గోప్యంగా ఉంచాలని చట్టమే చెబుతోంది కాబట్టి, సాయం చేసేవారికి కూడా ఆ సంగతి తెలియనివ్వరు. శని, ఆదివారాల కోసం కట్టే తిండి సంచి విప్పి చూడు. మోటెల్ గదిలో పొయ్యి ఉండదు, మహా అయితే మైక్రోవేవ్ ఉంటుంది. అందుకని బియ్యం, పప్పుల మూటలు అక్కడ పనికిరావు. రింగు పట్టి లాగితే తెరుచుకునే డబ్బాలు, వేడినీళ్లు పోస్తే తయారయ్యే ఓట్స్, ఫ్రిజ్‌లో పెట్టనక్కరలేని చిన్న పాల పెట్టెలు కావాలి. డబ్బా కత్తి లేకుండా తెరవలేని చిక్కుళ్ల డబ్బా ఒకటి సంచిలో పడితే ఆ వారం ఆ పిల్లకు ఒక పూట తిండి తగ్గినట్లే. దీన్ని కనిపెట్టి ఆ డబ్బాను పక్కకు తీసే సభ్యురాలు మీ క్లబ్బులో తప్పక ఉండి ఉంటుంది. వేదిక మీద మాట్లాడినవారి కంటే ముందు ఆమెతో మాట్లాడు. లాండ్రీ యంత్రంలో వేయడానికి క్వార్టర్ (పావు డాలరు) నాణేలు ఎందుకు పోగుచేస్తున్నారో అడుగు, ఉతికిన బట్టలు లేక బడి మానేసే పిల్లల సంగతి అప్పుడు తెలుస్తుంది. మోటెల్ దగ్గర ఎక్కే పిల్ల బస్సులో మొదట ఎక్కి చివర దిగేలా దారి మార్చే డిస్ట్రిక్టులు ఉన్నాయి, తోటి పిల్లల కంట పడకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. మీ దగ్గర అలా ఉందో లేదో కనుక్కో.

ఇవన్నీ చప్పగా ఉంటాయని భయపడకు. 1905లో షికాగోలో పాల్ హారిస్ మొదలుపెట్టిన రోటరీ, 1907లో ఊరి కోసం తలపెట్టిన తొలి పని ప్రజల కోసం మరుగుదొడ్లు కట్టించడం. ఏ వేదిక మీదా మెరిసే పని కాదది, ఊరికి కావలసిన పని. నాణేల డబ్బా గురించి నువ్వు నిస్సంకోచంగా రాయవచ్చు.

ఫొటో సంగతి. క్లబ్బు అధ్యక్షుడు బ్యాగు అందుకుంటున్న పిల్ల ముఖం వేయమని అడుగుతారు, అందులో చెడు ఉద్దేశమేమీ లేదు, రేపటి విరాళాల కోసం అడుగుతారు. మర్యాదగా కాదని చెప్పు. 1932లో హెర్బర్ట్ టేలర్ కూర్చిన నాలుగు ప్రశ్నల పరీక్ష రోటరీ సభ్యులందరికీ తెలిసినదే. అందులో మొదటిది ఇది సత్యమేనా అన్న ప్రశ్న, రెండోది సంబంధం ఉన్న అందరికీ ఇది న్యాయమేనా అన్నది. ఆ రెండో ప్రశ్ననే ఆయన ముందు పెట్టు. పదేళ్ల తరువాత ఉద్యోగానికి వెళ్లినప్పుడు తన పేరు వెతికితే ఈ ఫొటో రావడం ఆ పిల్లకు న్యాయమా అని అడిగితే ఆయనే ఒప్పుకుంటారని నా నమ్మకం. పేరు మార్చి రాస్తే చాలునని కూడా అనుకోకు. చిన్న ఊళ్లో బడి పేరు, తరగతి, తమ్ముళ్ల సంఖ్య కలిపి రాస్తే ఎవరో అందరికీ తెలిసిపోతుంది. నీ వ్యాసంలో ‘ఆ చిన్నారుల కళ్లలో మెరిసిన ఆనందం’ అన్న మాట ఎలాగూ పోవాలి. అది నువ్వు చూసి రాసింది కాదు, ఇలాంటి ప్రతి వార్తలోనూ ఉండేదే.

నువ్వు ఒక్క పంక్తిలో తేల్చేసిన స్కాలర్‌షిప్ నా దృష్టిలో వ్యాసానికి గుండెకాయ. తల్లిదండ్రుల తోడు లేకుండా ఒంటరిగా బతుకుతున్న ఇల్లు లేని విద్యార్థులను, లైజాన్ ధ్రువీకరిస్తే, కాలేజీ కోసం ప్రభుత్వ సాయానికి పెట్టుకునే ఫాఫ్సా దరఖాస్తులో స్వతంత్ర విద్యార్థులుగా లెక్కిస్తారు, తల్లిదండ్రుల సంతకం అడగరు. ప్రభుత్వమే అడగని ఆ సంతకాన్ని, శాశ్వత చిరునామాను, ఎన్నో సంఘాల స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఇంకా అడుగుతున్నాయి. మీ క్లబ్బు దరఖాస్తు తెప్పించుకుని చదువు. ఆ గళ్లు అందులో ఉంటే ముందు కార్యదర్శికి చెప్పు, అవి తీసేశాక వ్యాసంలో రాయి. తీయకపోతే ఎందుకు తీయలేదో వారి మాటల్లోనే రాయి. క్లబ్బు మీద నీకున్న గౌరవానికి దీనివల్ల లోటేమీ రాదు.

ఆగస్టులో బడులు తెరిచే ముందు లైజాన్‌లకు ఊపిరి సలపనంత పని ఉంటుంది, కనుక ఆమెతో మాట్లాడడానికి జూన్‌లోనే సమయం అడుగు. వెళ్లేటప్పుడు పిల్లల గురించి ప్రశ్నలు పట్టుకెళ్లకు, గత ఏడాది అడిగినా దొరకని వస్తువులేమిటో మాత్రం అడిగి రాసుకుని రా. ఆ జాబితాతో వ్యాసం మొదలుపెట్టి, రెండో ప్రతి నాకు పంపు.

నీ శ్రేయోభిలాషి