గిటార్ రికార్డింగులో ఆ గరగర ఎక్కడిది? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ బరంపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు నుంచే. మెలొడీ పార్టీల్లో, చర్చి బృందాల్లో వాయిస్తూ, ఇంటి దగ్గర సొంతంగా రికార్డు చేసుకుంటున్న వాళ్లు రాశారు. అందరి బాధా ఒకటే: వాయించింది ఒకలా, రికార్డులో వినిపించేది ఇంకోలా.

ప్రశ్న: గిటార్‌ను ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా ల్యాప్‌టాప్‌కు కలిపి, ఆంప్ శబ్దాన్ని కంప్యూటర్లో అనుకరించే, ఉచితంగా దొరికే ఆంప్ ప్లగిన్‌తో వాయిస్తున్నాను. క్లీన్ పర్వాలేదు. డిస్టార్షన్ పెట్టగానే హెడ్‌ఫోన్లలో రేకును రంపంతో కోసినట్టు ఉంటోంది. ట్రెబుల్ తగ్గిస్తే దుప్పటి కప్పినట్టు మూగబోతోంది. ఏం చేయాలండీ? – ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: మందు ట్రెబుల్ నాబ్‌లో లేదు. మీరు వింటున్న దాంట్లో స్పీకర్ లేదు, అదీ సంగతి. గిటార్ ఆంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్, పాటలు వినే స్పీకర్ లాంటిది కాదు. అదొక జల్లెడ. సెలెస్టియన్ వింటేజ్ 30కి కంపెనీ చెప్పే శ్రేణి 70 నుంచి 5,000 హెర్ట్జ్ వరకే. ఆపైన శబ్దం గబగబా పడిపోతుంది. డిస్టార్షనేమో ప్రతి స్వరం మీదా 10 వేల హెర్ట్జ్ దాటేదాకా హార్మోనిక్స్, అంటే పై ధ్వనులు, పుట్టిస్తుంది. అసలు స్పీకరైతే ఆ పైభాగాన్ని కోసేసేది. హెడ్‌ఫోన్ దాన్ని ఉన్నదున్నట్టు చెవిలో పోస్తుంది. ట్రెబుల్ నాబ్ తిప్పితే రంపపు మోతతో పాటు 2, 3 వేల దగ్గరుండే మీటు స్పష్టత కూడా పోతుంది. దుప్పటి కప్పినట్టు అయ్యేది అందుకే.

ఆ జల్లెడను ఫైలు రూపంలో తెచ్చుకోవచ్చు. స్పీకర్ ఉండే పెట్టె, అంటే కేబినెట్ ముందు మైకు పెట్టి, కింది స్వరం నుంచి పై స్వరందాకా పాకే టెస్టు ధ్వనిని దానిలోకి పంపుతారు. కేబినెట్, మైకు కలిసి దేన్ని ఎంత పెంచాయో, ఎంత తగ్గించాయో లెక్కకట్టి చిన్న వేవ్ ఫైలుగా దాస్తారు. దీన్నే ఇంపల్స్ రెస్పాన్స్, పొట్టిగా ఐఆర్ అంటారు. నిడివి సెకను కూడా ఉండదు. ఇగ్నైట్ ఆంప్స్ వారి నాడిఐఆర్ అనే ఉచిత ప్లగిన్‌లో దీన్ని వేసుకోవచ్చు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి అందులోని రియావెర్బ్ చాలు: యాడ్ నొక్కి ఫైల్ ఎంచుకుని ఐఆర్‌ను చేర్చండి, డ్రై స్లైడర్‌ను పూర్తిగా కిందికి దించండి. డ్రై, అంటే ఐఆర్ తగలని శబ్దం, కొంచెం మిగిలినా రంపం మళ్లీ వినిపిస్తుంది. చాలామంది ఇక్కడే పొరపడి ఐఆర్ పనిచేయడం లేదనుకుంటారు.

వరుస ముఖ్యం. గిటార్, ఓవర్‌డ్రైవ్, ఆంప్, ఆ తర్వాతే ఐఆర్, చివర ఈక్వలైజర్, రివర్బ్. ఐఆర్‌ను ఆంప్‌కు ముందు పెడితే జల్లించిన పిండిలో మళ్లీ రాళ్లు పోసినట్టే. కేబుల్‌ను ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్ లేదా హై-జెడ్ బటన్ నొక్కిన ఇన్‌పుట్‌కే పెట్టండి. అక్కడ నిరోధం దాదాపు 10 లక్షల ఓములు. లైన్ ఇన్‌పుట్‌లో అది చాలా తక్కువ కాబట్టి, మామూలు పికప్ ఆ భారం మోయలేక పై స్వరాలను ముందే పోగొట్టుకుంటుంది. 24 బిట్‌లో, గట్టిగా కార్డు కొట్టినా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా రికార్డు చేయండి.

ఇక ఐఆర్ ఎంపిక. కేబినెట్ ఏ కంపెనీది అన్నదానికంటే మైకు ఎక్కడ ఉందన్నదే టోన్‌ను ఎక్కువ మారుస్తుందని మా గట్టి అభిప్రాయం. స్పీకర్‌ను ముందు నుంచి చూస్తే నడుమ చిన్న గిన్నె బోర్లించినట్టు ఒక గుండ్రం ఉంటుంది, అదే క్యాప్. దాని చుట్టూ కాగితపు కోన్. మైకు సరిగ్గా క్యాప్ నడిమికి గురిపెడితే మెరుపు, కరుకు ఎక్కువ. క్యాప్ అంచు దాటి కోన్ మీదికి జరిపేకొద్దీ టోన్ మెత్తబడి ముదురుతుంది. ఫైలు పేరులో క్యాప్, క్యాప్ ఎడ్జ్, కోన్ అని ఉండేది దీన్నిబట్టే. షూర్ ఎస్ఎం57 మైకుతో క్యాప్ అంచు దగ్గర తీసిన ఐఆర్‌తో మొదలుపెట్టండి. కరుకనిపిస్తే ఈక్వలైజర్ జోలికి పోకుండా కోన్ వైపు తీసిన ఫైలు వేయండి. పోల్చేటప్పుడు రెండింటి శబ్దం సమానం చేసి వినాలి. ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నదే బాగున్నట్టు చెవి మోసపోతుంది.

అప్పటికీ పైన సన్నటి మోత మిగిలితే 8 వేల దగ్గర పైదాన్ని కోసే లో-పాస్, కింద 80 దగ్గర కిందిదాన్ని కోసే హై-పాస్ పెట్టండి. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్, దాని కిందున్నదంతా బరువే. 3 నుంచి 4.5 వేల మధ్య ఈల లాంటిదేదైనా చెవిలో గుచ్చుకుంటుంటే, ఇరుకైన బ్యాండ్‌ను పెంచి అటూ ఇటూ జరిపి పట్టుకుని అక్కడ 3 డెసిబెల్స్ తగ్గించండి. ఇంకా తగ్గించాల్సి వస్తోందంటే మీరు ఎంచుకున్న ఐఆరే మీకు సరిపడలేదు.

ప్రశ్న: మా చర్చిలో మల్టీ ఎఫెక్ట్స్ పెడల్‌ను నేరుగా మిక్సర్‌కు పెడితే టోన్ బాగుంటుంది. అదే పెడల్‌ను ఆంప్‌కు పెట్టినా, ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఐఆర్‌తో రికార్డు చేసినా మసకబారిపోతోంది. పెడల్ పాడైందా సార్? – రాయగడ

జవాబు: పెడల్ బాగానే ఉంది. దాని ఆంప్ మోడల్‌తో పాటు కేబినెట్ కూడా లోపలే నడుస్తోంది. మిక్సర్‌లో స్పీకర్ జల్లెడ ఉండదు కాబట్టి అక్కడ అది కావాలి. గిటార్ ఆంప్‌కు సొంత స్పీకర్ ఉంది, ల్యాప్‌టాప్‌లో మీరే ఐఆర్ పెట్టారు. రెండు చోట్లా జల్లెడ రెండుసార్లు పడుతోంది. మెనూలో క్యాబ్ (కేబినెట్) ఆన్‌లో ఉంచి మిక్సర్‌కు ఒక ప్యాచ్, అంటే సెట్టింగుల కట్ట, క్యాబ్ ఆఫ్ చేసి ఆంప్‌కు ఇంకొకటి విడిగా దాచుకోండి. ఇంట్లో రెండింటిలో ఏదో ఒక్క క్యాబే ఉంచండి.

ప్రశ్న: ఐఆర్‌లు వందల కొద్దీ దించుకున్నాను. రెండు కలిపితే టోన్ నిండుగా ఉంటుందని విన్నాను, నాకేమో బొంగురుగా, పల్చగా వస్తోంది. విడివిడిగా రెండూ బాగానే ఉన్నాయి. – పర్లాకిమిడి

జవాబు: రెండు మైకులు స్పీకర్‌కు సమాన దూరంలో లేవు. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. ఒక మైకు 5 సెంటీమీటర్లు వెనక ఉంటే దానికి శబ్దం 0.15 మిల్లీసెకండ్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ కాస్త ఆలస్యానికే 3,400 హెర్ట్జ్ దగ్గర ఒక అల పైకి లేస్తుంటే రెండోది కిందికి దిగుతుంటుంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గిటార్‌లో పలుకంతా ఉండేది అక్కడే. తేడా 10 సెంటీమీటర్లైతే గండి 1,700 దగ్గర పడుతుంది, అది ఇంకా అన్యాయం.

సరిచేయడం ఇలా: రెండు ఐఆర్‌లనూ ఆడియో ట్రాకుల మీద వేసి, బాగా జూమ్ చేసి, మొదటి పెద్ద శిఖరం ఎక్కడ మొదలవుతోందో చూడండి. 48 కిలోహెర్ట్జ్‌లో ఒక్కో శాంపిల్ (డిజిటల్ శబ్దంలో అతి చిన్న ముక్క) 7 మిల్లీమీటర్ల దూరంతో సమానం, కాబట్టి 5 సెంటీమీటర్లంటే 7 శాంపిళ్లు. ముందున్నదాన్ని అంత ఆలస్యం చేయండి. నాడిఐఆర్‌లో రెండు ఐఆర్‌లకు చోటుంది, డిలే నాబ్ కూడా ఉంది. ఒక శిఖరం పైకి, ఇంకొకటి కిందికి ఉంటే ఒకదాని పోలారిటీ తిప్పాలి, అంటే అలను తలకిందులు చేయాలి. సరిపోయాయో లేదో తెలుసుకోవడానికి, ఒకదాని పోలారిటీ కావాలని తిప్పి వినండి. శబ్దం బాగా పల్చబడితే మీరు పెట్టింది సరైనదే, మళ్లీ వెనక్కి తిప్పేయండి. తేడా పెద్దగా లేకపోతే ఇంకా జరపాలి.

ప్రాజెక్టు 44.1 కిలోహెర్ట్జ్‌లో ఉండి ఐఆర్ 48 కిలోహెర్ట్జ్‌ది అయితే మరో తంటా. మంచి ప్లగిన్లు ఫైలును వాటంతటవే మార్చుకుంటాయి. మార్చుకోని వాటిలో ఐఆర్ 8 శాతం కిందికి దిగి, 5,000 దగ్గరి కోత 4,600 దగ్గర పడుతుంది. టోన్ ఎందుకు ముదిరిందో అంతుపట్టదు.

ఒక మాట చెప్పాలి. వందల ఫైళ్లు వినడంతో సాయంత్రాలు గడిచిపోతాయి, పాట మాత్రం అక్కడే ఉంటుంది. ఐదు ఫైళ్లు ఎంచుకుని మిగతావి వేరే ఫోల్డర్లో పడేయండి.

ప్రశ్న: ఐఆర్ పెట్టాక ఒంటరిగా బ్రహ్మాండంగా ఉంది. కీబోర్డు, ఢోలక్, గొంతుతో కలిపేసరికి కార్డుల్లో ఏ స్వరమూ విడిగా వినపడదు. పైగా ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు బుయ్‌మని మోత. – జయపురం

జవాబు: మొదటిదానికి గెయిన్, అంటే డిస్టార్షన్ మోతాదు, తగ్గించండి. ఒంటరిగా బాగున్న గెయిన్‌లో మూడో వంతు తీసేసినా పాటలో కొరతనిపించదు. ఆంప్‌కు ముందు ట్యూబ్ స్క్రీమర్ తరహా పెడల్‌ను డ్రైవ్ సున్నాలో, లెవెల్ ఎక్కువలో పెట్టండి. అది 720 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని తగ్గించి పంపుతుంది కాబట్టి లావు తీగలు డిస్టార్షన్‌లో బురదగా మారవు. నిండుదనం కావాలంటే అదే భాగాన్ని రెండుసార్లు వాయించి, చెరో ఐఆర్‌తో ఎడమకు, కుడికి పంచండి. ఒకే ట్రాకును కాపీ చేసి అటూ ఇటూ పెడితే శబ్దం పెరుగుతుంది తప్ప వెడల్పు రాదు.

మోత విషయానికొస్తే, చవక ఇన్వర్టర్ల కరెంటు అల గుండ్రంగా ఉండక చతురస్రంగా ఉంటుంది, సింగిల్ కాయిల్ పికప్ దాన్ని ఇట్టే పట్టేస్తుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద రికార్డు చేయండి. ఫ్యాన్ రెగ్యులేటర్, ఎల్‌ఈడీ లైటు ఆపి చూడండి. కూర్చున్నచోటే మెల్లగా పక్కకు తిరుగుతూ మోత తక్కువున్న దిక్కు పట్టుకోండి. మోత పోతుందని ప్లగ్గులో మూడో పిన్ను మాత్రం తీసేయకండి. అది మీ ప్రాణానికి కాపలా.

ప్రశ్న: 20 వాట్ల వాల్వ్ ఆంప్ దొరికింది. రాత్రిపూట స్పీకర్ వైరు పీకి, ఆ సాకెట్ నుంచే ఇంటర్‌ఫేస్‌కు పెట్టి ఐఆర్ వాడొచ్చా? – గుణుపురం

జవాబు: వద్దు, ఒక్కసారి కూడా వద్దు. 8 ఓముల మీద 20 వాట్లంటే 12.6 వోల్టులు, ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్ దీనికోసం చేసింది కాదు. అంతకంటే ముప్పు ఆంప్‌కే: లోడు లేకుండా వాయిస్తే వోల్టేజీ ఎగదన్ని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. మధ్యలో లోడ్ బాక్స్, అంటే స్పీకర్ బదులు ఆంప్ శక్తిని మోసే పెట్టె, ఉండాలి. దాని ఓములు ఆంప్ సాకెట్ మీద రాసినదానితో సరిపోవాలి, వాట్లు ఆంప్ కంటే ఎక్కువ ఉండాలి. ఆంప్ నుంచి దానికి వేసేది స్పీకర్ కేబులే కావాలి, గిటార్ కేబుల్ పనికిరాదు. స్పీకర్‌లా నిరోధం మార్చుకునే రియాక్టివ్ రకమైతే చేతికి ఆంప్ స్పందన బాగా తెలుస్తుంది. లోడ్ బాక్స్ లైన్ అవుట్‌ను ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌కు పెట్టండి, ఇక్కడ ఇన్‌స్ట్ బటన్ ఆఫ్. ల్యాప్‌టాప్‌లో ఆంప్ ప్లగిన్ తీసేసి ఐఆర్ ఒక్కటే ఉంచండి.