కోఆర్డినేటింగ్, సబార్డినేటింగ్ కంజంక్షన్లను తేడా పట్టేదెలా?

బట్, ఆల్దో రెండూ వాక్యాల్ని కలిపేవే, అర్థమూ దాదాపు ఒకటే, మరి కోఆర్డినేటింగ్ (సమాన హోదా ఉన్నవాటిని కలిపేవి), సబార్డినేటింగ్ (ఒక వాక్యాన్ని ఇంకోదానికి లోబరిచేవి) అని రెండు రకాలెందుకు అని అడిగారు. పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్తాను, ఈ ప్రశ్న ఏటా వస్తుంది.

అర్థం పట్టుకుని చూస్తే తేడా దొరకదు. చోటు మార్చి చూడండి. "హీ ఫెయిల్డ్ బికాజ్ హీ డిడ్ నాట్ స్టడీ" అన్నాం. బికాజ్‌తో మొదలయ్యే ముక్కను ఉన్నదున్నట్టు ఎత్తి ముందు పెట్టండి: "బికాజ్ హీ డిడ్ నాట్ స్టడీ, హీ ఫెయిల్డ్". వాక్యం చెడలేదు. ఇప్పుడు "హీ డిడ్ నాట్ స్టడీ, సో హీ ఫెయిల్డ్" తీసుకుని సో ముక్కను ముందుకు తెండి. కుదరదు! ముందుకు రాగలిగితే సబార్డినేటింగ్, రాలేకపోతే కోఆర్డినేటింగ్. బట్, ఆల్దోలకూ ఇదే పరీక్ష. కామా సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది: సబార్డినేట్ ముక్క ముందుంటే దాని తర్వాత కామా, వెనకుంటే సాధారణంగా అక్కర్లేదు.

కోఆర్డినేటింగ్‌వి ఏడే. ఫర్, అండ్, నార్, బట్, ఆర్, యెట్, సో. మొదటి అక్షరాలు కలిపి "ఫ్యాన్‌బాయ్స్" అని గుర్తుపెట్టుకుంటారు. వీటిలో ఫర్‌ను బికాజ్ అర్థంలో ఇప్పుడెవరూ మాట్లాడరు, పుస్తకాల్లో కనిపిస్తుంది అంతే.

తెలుగులోకి మార్చుకుని తేల్చేద్దామని మాత్రం చూడకండి. "వాడు వండుకుని తిన్నాడు" మన వ్యాకరణంలో సంశ్లిష్ట వాక్యం, అంటే ఒక ముక్క ఇంకోదానికి లోబడేది, "వండుకుని" అసమాపక క్రియ (అర్థం పూర్తికాని క్రియ) కాబట్టి. అదే ఇంగ్లీష్‌లో "హీ కుక్డ్ అండ్ ఏట్" అవుతుంది. అండ్ కోఆర్డినేటింగ్. రెండు భాషల లెక్కలు ఒకటి కావు.

మా పిల్లలకు ఎక్కువ మార్కులు పోయేది "ఆల్దో హీ ఈజ్ పూర్, బట్ హీ ఈజ్ ఆనెస్ట్" దగ్గర. రెండు ముక్కలకు ఒక్క అతుకు చాలు. ఆల్దో ఉంటే బట్ కొట్టేయండి. పాత గ్రామర్ పుస్తకాల్లో "దో... యెట్" జంట కనిపిస్తుంది, దాన్ని తప్పనరు.

ఆఫ్టర్, బిఫోర్, సిన్స్ చూడగానే సబార్డినేటింగ్ అని టిక్ పెట్టకండి. "ఆఫ్టర్ హీ ఏట్"లో వెనక వాక్యం ఉంది, కంజంక్షనే. "ఆఫ్టర్ లంచ్"లో వెనక ఉన్నది నామవాచకమే, కాబట్టి ప్రిపోజిషన్. హవెవర్, దేర్‌ఫోర్ అయితే ఈ రెండు రకాల్లోనూ చేరవు. అవి యాడ్‌వెర్బులు, ఉత్త కామా పెట్టి వాటితో రెండు వాక్యాల్ని కలపకూడదు. ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ పడాలి.