హోమ్ లోన్‌కి ముందే కట్టిన ఆరు లక్షలు ఆస్పత్రి కౌంటర్‌లో చెల్లవు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికొచ్చే జీతం 82,000. మా నాన్నగారికి 61 ఏళ్లు, అమ్మతో కలిసి ఖమ్మం దగ్గర మా ఊళ్లో ఉంటారు. ఆర్నెల్ల కిందట ఆయనకు మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ ఉందని తేలింది. నాలుగు సైకిళ్ల కీమో అయింది. వచ్చే నెల ఆయన స్టెమ్ సెల్స్‌తోనే (రక్తాన్ని తయారుచేసే మూలకణాలు) ట్రాన్స్‌ప్లాంట్ చేస్తామన్నారు. ఎస్టిమేట్ 9 లక్షలు. కంపెనీ పాలసీ 5 లక్షల్లో కీమోకి పోగా 3.4 లక్షలు మిగిలింది. నా దగ్గర 1.6 లక్షలుంది. నిరుడు ఎఫ్‌డీ తీసేసి, బోనస్ కలిపి 6 లక్షలు హోమ్ లోన్‌కి ముందే కట్టేశాను. ఇంజెక్షన్ల కోసం ఒక లోన్ యాప్‌లో 40,000 తీసుకున్నాను. తెలిసిన ఫైనాన్షియర్ 4 లక్షలు మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా? నాన్న దగ్గర ఉండటానికి ఉద్యోగం మానేయాలని కూడా ఉంది.

జవాబు: వద్దు. రెండూ వద్దు.

మీకు విడిగా రాయకుండా ఇక్కడ జవాబివ్వడానికి కారణం ఆ 6 లక్షలు. అప్పు త్వరగా తీరితే మంచిదని, కంపెనీ ఇన్సూరెన్స్ ఎలాగూ ఉందని ఉన్నదంతా బ్యాంకుకి కట్టేసి, ఖాతాలో ఒక నెల జీతంతో తిరిగేవాళ్ల ఉత్తరాలు నాకు ప్రతి వారం వస్తాయి. లెక్క చూడండి. హోమ్ లోన్ వడ్డీ ఎనిమిదిన్నర శాతం అనుకుంటే, 6 లక్షలు ముందే కట్టినందుకు మీకు ఏడాదికి మిగిలింది 51,000. మూడు రూపాయల వడ్డీ అంటే 36 శాతం. 4 లక్షలకు నెలకు 12,000, ఏడాదికి 1,44,000. అది కట్టినా అసలు ఒక్క రూపాయి తగ్గదు. ఆ 6 లక్షలు ఎఫ్‌డీలోనే ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఇప్పుడు అసలు విషయం. ఎస్టిమేట్‌కి డబ్బు సర్దితే చాలని మీరు అనుకుంటున్నారు. మూడేళ్ల కిందట మా బావగారికి ఇదే ట్రాన్స్‌ప్లాంట్ జరిగింది. స్టెమ్ సెల్స్ ఎక్కించడం రక్తం ఎక్కించినట్టే ఉంటుంది, గంటలోపు అయిపోయింది. ‘ఇంతేనా’ అంది మా అక్క. అసలు కథ ఆ తర్వాతే. వారం తిరిగేసరికి రక్తకణాల కౌంట్లు పడిపోయాయి, నోరంతా పుండ్లు, జ్వరం. యాంటీబయాటిక్ ఒకటి పనిచేయకపోతే ఇంకోటి, దాని మీద ఫంగస్‌కి మందు. ప్లేట్‌లెట్లకు డోనర్‌ని మనమే తెచ్చుకోవాలి, ఒక్కో బ్యాగు పదివేల పైమాటే. పదకొండో రోజు రాత్రి తొమ్మిదింటికి బిల్లింగ్ నుంచి ఫోన్: ‘అమ్మా, డిపాజిట్ అయిపోయింది, ఇంకో లక్ష కట్టండి.’ అక్క వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఫోన్‌లోనే ఒక ఎఫ్‌డీ బ్రేక్ చేసి కట్టేసింది. పద్నాలుగో రోజున కౌంట్లు లేచాయి. ఆ రాత్రి ఆవిడ ఎవరికీ ఫోన్ చేసి అప్పు అడగలేదు. అత్యవసర నిధి అంటే నా దృష్టిలో అంతే.

డిశ్చార్జ్ అయినా ఖర్చు ఆగదు. మొదట్లో వారానికి ఒకటి రెండుసార్లు రక్తపరీక్షలు, ఇన్ఫెక్షన్ భయానికి బస్సు మాని ప్రతిసారీ క్యాబ్, కొన్ని నెలలు అమ్మానాన్నలిద్దరూ మీ ఇంట్లోనే. ఆ తర్వాత చాలామందికి జబ్బు తిరగబెట్టకుండా మెయింటెనెన్స్ మాత్రలు రాస్తారు. ఇంట్లో వేసుకునే మాత్రలకు పాలసీ డిశ్చార్జ్ తర్వాత కొన్ని వారాలే ఇస్తుంది. అందుకని మీ దగ్గరున్న 1.6 లక్షల్లోంచి యాప్ అప్పు తీర్చగా మిగిలే 1.2 లక్షలు ఎస్టిమేట్‌లో పోయకండి. అది పదకొండో రోజుకి.

మరి 5.6 లక్షల లోటు? ముందు హెచ్‌ఆర్ దగ్గర కూర్చోండి. మీ పాలసీలో కార్పొరేట్ బఫర్ ఉందా అని అడగండి. పెద్ద జబ్బులకు కంపెనీ ఆమోదంతో అదనంగా ఇచ్చే మొత్తమది, అడిగినవాళ్లకే వస్తుంది. రెన్యువల్ తేదీ ఎప్పుడో కూడా కనుక్కోండి. మామూలుగా అడ్మిషన్ ఏ పాలసీ సంవత్సరంలో జరిగితే ఆ కవరే లెక్క. అడ్మిషన్ తేదీ తర్వాత నాలుగు రోజుల్లోనే రెన్యువల్ ఉంటే, అప్పటిదాకా ఆగితే కొత్త 5 లక్షలు చేతికొస్తాయి. తేదీ కాస్త జరపొచ్చా అని డాక్టర్‌ని అడగడంలో తప్పు లేదు, ఆయన వద్దంటే మాత్రం ఆ మాట మళ్లీ ఎత్తకండి. పాలసీలో గది అద్దె పరిమితి, ‘మోడ్రన్ ట్రీట్‌మెంట్’ కింద ఉండే సబ్‌లిమిట్ (ఆ చికిత్సకు విడిగా పెట్టిన పరిమితి) చూడండి. రక్త క్యాన్సర్లలో స్టెమ్ సెల్ చికిత్సను కవర్ చేయాలని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లోనే చెప్పింది. కానీ పరిమితి పెట్టుకునే వీలు కంపెనీలకు ఉంది. ఐసోలేషన్ గది అద్దె పరిమితి దాటితే మొత్తం బిల్లులోనే కోత పడొచ్చు. ప్రీ ఆథరైజేషన్, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ ముందస్తు అనుమతి, ఎంతకు వచ్చిందో అడ్మిషన్‌కి ముందే కాగితం మీద తీసుకోండి.

ఇంకా లోటు మిగిలితే మీ హోమ్ లోన్ బ్యాంకులోనే టాపప్, అంటే ఉన్న లోన్ మీదే అదనపు అప్పు, అడగండి. 6 లక్షలు 9 శాతానికి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 12,500 కట్టాలి. ఫైనాన్షియర్‌కి ఉత్త వడ్డీ కిందే 12,000 పోస్తానన్న మనిషికి ఇది భారం కాదు. మీరిచ్చిన డబ్బునే వడ్డీ కట్టి వెనక్కి తెచ్చుకోవడమిది, కడుపు మండుతుంది, అయినా ఇదే దారి. వారం రెండు వారాలు పడుతుంది కాబట్టి రేపే దరఖాస్తు పెట్టండి. అది ఆలస్యమైతే పీఎఫ్ అడ్వాన్స్, ఆ తర్వాత బంగారం మీద లోన్. నాన్నగారికి ఊళ్లో విడిగా రేషన్ కార్డు ఉంటే నిమ్స్ ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ కేసులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. పాత పన్ను విధానంలో ఉంటే ఇన్సూరెన్స్ ఇచ్చింది పోగా చేతినుంచి పెట్టిన ఖర్చుకి లక్ష దాకా మినహాయింపు వస్తుంది, బిల్లులు దాచండి.

ఉద్యోగం సంగతి. నాన్నగారి కవర్ మీ ఐడీ కార్డుకి కట్టేసి ఉంది. రాజీనామా చేస్తే మామూలుగా ఆఖరి పనిదినంతో అదీ పోతుంది. క్యాన్సర్ ఉన్న మనిషికి కొత్త పాలసీ దొరకడం దాదాపు కల్ల. కొత్త పాలసీలకు వయోపరిమితి తీసేశారుగా అంటారేమో, ఇక్కడ అడ్డం వయసు కాదు, జబ్బు. ఉన్న సెలవులు వాడండి, చాలకపోతే జీతం లేని సెలవు, ఇంటి నుంచి పని అడగండి. ఐసోలేషన్‌లో ఉన్నన్నాళ్లు లోపలికి ఒక్కరినే పంపుతారు, చాలాచోట్ల అదీ ఉండదు. మీరు నిజంగా కావాల్సింది ఇంటికొచ్చాక మొదటి నెల. సెలవులు దానికి దాచుకోండి.

ట్రాన్స్‌ప్లాంట్ గడిచాక మళ్లీ హోమ్ లోన్ తగ్గించే ఆలోచన వస్తుంది, నాకు తెలుసు. వేరే బ్యాంకులో 5 లక్షల ఎఫ్‌డీ అయ్యేదాకా మామూలు ఈఎంఐ తప్ప ఒక్క రూపాయి ఎక్కువ కట్టకండి. ఆ లోన్ యాప్ 40,000 మాత్రం ఈ రాత్రికే తీర్చి, లోన్ ముగిసిందన్న లెటర్ డౌన్‌లోడ్ చేసుకుని, ఫోన్‌లో కాంటాక్ట్స్‌కి దానికిచ్చిన అనుమతులు తీసేసి, యాప్ డిలీట్ చేయండి.