ఫోన్ తీసేసుకున్నాక ఎవరికి చెప్తావు?

ప్రశ్న: అన్నా, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద డాలస్ వచ్చి మూడు నెలలైంది. మొన్ననే సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. రోడ్డు మీద పోలీసు ఆపితే వీసా అడుగుతాడా? ఇమ్మిగ్రేషన్ వాళ్లకి అప్పగిస్తాడా? రూమ్మేట్స్ ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు.

జవాబు: తమ్ముడూ, ఆ నిద్ర పట్టకపోవడం ఏమిటో నాకు బాగా తెలుసు. 2008 ఆగస్టులో ఒంగోలు నుంచి డాలస్ పక్కనున్న ఆర్లింగ్టన్‌లో దిగాను. మీకున్నట్టు అడగ్గానే చెప్పే వాట్సాప్ గ్రూపులు మాకు లేవు. ఏదైనా చేసి, దెబ్బ తిని నేర్చుకోవడమే.

మొదటి ఏడాదే ఆస్టిన్ వెళ్తూ ఓ చిన్న ఊళ్లో స్పీడింగ్‌కి దొరికాను. కారు ఆపి, కాగితాలు చేత్తో పట్టుకుని దిగి, పోలీసు దగ్గరికి నడిచాను. ఒంగోల్లో చలానా రాసేటప్పుడు అలాగే కదా చేస్తాం! ఆయన గన్ మీద చెయ్యి వేసి గట్టిగా అరిచాడు. వెనక్కి వెళ్లి కూర్చున్నాక కూడా చాలాసేపు కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. నువ్వు మాత్రం దిగకు. అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, అడిగింది అడిగినట్టు ఇయ్యి.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. వేరే ఊరి పోలీసు రాసిన టికెట్, అంటే చలానా, మనల్ని వెతుక్కుంటూ రాదని ఓ సీనియర్ అన్నాడు. నమ్మి, ఆ కాగితం డ్యాష్‌బోర్డులో పడేసి మర్చిపోయాను. కోర్టు తేదీకి వెళ్లకపోతే వారంట్ వస్తుందని తెలియదు. ఏడాదిన్నర తర్వాత ఒక రాత్రి, వెనక లైటు వెలగలేదని ఇంకో ఊరి పోలీసు ఆపాడు. కంప్యూటర్‌లో పేరు కొట్టగానే ఆ వారంట్ బయటపడింది. నేరుగా జైలుకి తీసుకెళ్లారు. సీటు బెల్టు లాంటి చిన్న తప్పుకి కూడా అరెస్టు చెయ్యొచ్చని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది, అదీ టెక్సాస్ కేసులోనే.

బెల్టు, షూ లేసులు, పర్సు, ఫోన్ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి సీలు చేశారు. వచ్చేముందు అమ్మ చేతికి కట్టిన ఎర్రదారం కూడా కత్తిరించి అందులోనే వేశారు. వేలిముద్రలు తీసుకున్నాక, గోడకున్న ఫోన్ చూపించి ఎవరికైనా చేసుకోమన్నారు. రిసీవర్ ఎత్తాను. ఒక్క నంబరూ గుర్తు రాలేదు. నలుగురు రూమ్మేట్స్ ఉన్నారు, అందరి నంబర్లూ ఆ సీలు వేసిన సంచిలో ఉన్నాయి. నాకు నోటికి వచ్చింది ఒంగోల్లో మా ఇంటి ల్యాండ్‌లైన్ ఒక్కటే. ఆ ఫోన్ నుంచి ఇండియాకి పోదు. రిసీవర్ పెట్టేసి బల్ల మీద కూర్చున్నాను.

పొద్దున జడ్జి ముందు నిలబెట్టారు, ఫైన్ కట్టాను, వదిలేశారు. నా స్టేటస్ సరిగ్గా ఉంది కాబట్టి ఇమ్మిగ్రేషన్ వైపు నుంచి ఏమీ రాలేదు. ఇంటికి వెళ్తే ఒకడు మ్యాగీ చేసుకుంటున్నాడు. “ల్యాబ్ నుంచి ఇప్పుడా వచ్చేది?” అన్నాడు. నేను రాత్రంతా ఇంటికి రాలేదని ఆ ఇంట్లో ఒక్కడికీ తెలియదు. జైల్లో ఏడవలేదు కానీ ఆ మాటకి బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

ఇక రూల్స్. దేశం నుంచి పంపించదగ్గ మనిషి అన్న ఒక్క కారణంతో లోకల్ పోలీసు తనంతట తాను అరెస్టు చెయ్యకూడదని 2012లో అరిజోనా కేసులో తీర్పు వచ్చింది. వేరే పని మీద ఆపినప్పుడు అనుమానం వస్తే స్టేటస్ కనుక్కోవడాన్ని మాత్రం అదే తీర్పు ఆపలేదు. 1996 నాటి 287(జి) అనే సెక్షన్ కింద ఐస్‌తో, అంటే వీసా లేనివాళ్లని పట్టుకుని పంపించే ఇమ్మిగ్రేషన్ విభాగంతో, ఒప్పందం చేసుకున్న షెరీఫ్ (కౌంటీ పోలీసు) ఆఫీసులకి ఇంకా ఎక్కువ అధికారం ఉంటుంది. లోకల్ పోలీసులు ఐస్‌కి సహకరించి తీరాలని టెక్సాస్ 2017లో చట్టం చేస్తే, కాలిఫోర్నియా అదే ఏడాది సహకారం తగ్గిస్తూ చట్టం చేసింది. నీ కౌంటీ (మన జిల్లా లాంటిది) సంగతి ఐస్ సైట్‌లో చూసుకో. దేశంలోకి వచ్చిన రికార్డు ఐ-94 ప్రింటు, యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 కాపీ కార్లో పెట్టుకో.

నువ్వు రోడ్డుని చూసి భయపడుతున్నావు, జైలుని చూసి భయపడాలి. అక్కడ తీసిన వేలిముద్రలు ఇమ్మిగ్రేషన్ వాళ్ల కంప్యూటర్‌కి కూడా వెళ్తాయి. 2008లో హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీతో మొదలైన పద్ధతి ఇప్పుడు దేశమంతా ఉంది. ఐస్ అడిగితే విడుదల కావాల్సిన మనిషిని ఇంకో 48 గంటలు ఆపొచ్చు. 2025 ఏప్రిల్‌లో, ఎప్పుడో కొట్టేసిన చిన్న కేసులు పోలీసు రికార్డులో ఉన్నాయని కూడా స్టూడెంట్ల సెవిస్, అంటే ప్రభుత్వం దగ్గరుండే స్టూడెంట్ రికార్డు, రద్దు చేశారు. కోర్టులకి వెళ్లాక వేలమందివి తిరిగి ఇచ్చారు. కాబట్టి టికెట్ వస్తే గడువులోపే కట్టు, లేదా కోర్టుకి వెళ్లు. షాపులో దొంగతనం లాంటి కేసు పడితే ఫైనే కదా అని ఒప్పేసుకోకు. ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉంటే అది డిఫెన్స్ లాయరే చెప్పాలని 2010లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, గట్టిగా అడుగు.

నాకు నిజంగా బెంగ వేసేది ఇదీ కాదు. పరువు పోతుందని మీ పిల్లలు ఎవరికీ చెప్పరు. ఇంట్లో చెప్పరు, పక్క గదిలో వాడికీ చెప్పరు. పదిహేనేళ్లుగా చూస్తున్నాను, కేసు చిన్నదే అయినా ఒంటరిగా మోసి కుంగిపోయినవాళ్లే ఎక్కువ. నువ్వు అడిగితే హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్‌కి పోలీసులే కబురు చెయ్యాలి, అడక్కపోతే చెప్పరు. కానీ అర్ధరాత్రి కారు వేసుకుని వచ్చేది కాన్సులేట్ కాదు, మనిషి.

ఈ శనివారం ఫ్రిస్కో హనుమాన్ గుడికి రా. సాయంత్రం మా కుటుంబమంతా అక్కడే ఉంటాం, మీ వదిన పులిహోర తెస్తుంది. రూమ్మేట్స్‌ని కూడా తీసుకురా. రాత్రి పదకొండు దాటినా ఎవరైనా రాకపోతే మిగతావాళ్లు ఫోన్ చెయ్యాలని మీలో మీరు ఒప్పందం పెట్టుకోండి. నా నంబరు అక్కడే ఇస్తాను. ఫోన్లో సేవ్ చేసేముందు కాగితం మీద పదిసార్లు రాసి, చూడకుండా నాకు అప్పజెప్పు.