దసరా సెలవులకు సీమకు వస్తున్న మేనకోడలికి

ప్రొద్దుటూరు

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అయిన మేనకోడలికి మామ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. దసరా సెలవుల్లో అల్లునితోనూ పిల్లలతోనూ హైదరాబాదు నుంచి కారులో బయలుదేరి నాలుగు రోజులు మన సీమంతా తిరగాలని అనుకుంటున్నట్లు రాసి, చూడదలచిన ఊళ్ల పట్టీని కూడా జతచేసి, సలహా చెప్పమని అడిగావు. ఓర్వకల్లు, యాగంటి, మహానంది, అహోబిలం, సంగమేశ్వరం, బెలుం, గండికోట, ఒంటిమిట్ట, సిద్ధవటం, తిమ్మమ్మ మర్రిమాను, లేపాక్షి, మొత్తం పదకొండు. ప్రతి ఊరి పక్కన చేరే సమయమూ, బయలుదేరే సమయమూ వేశావు. అది చూడగానే ముప్పై ఏళ్లు నా చేతిలో నలిగిన మా బస్సు డిపో చార్టు గుర్తుకొచ్చి నవ్వుకున్నాను. ఆ చార్టు పట్టుకొని ఈ ఊళ్లన్నింటి మీదుగా నేను వేల సార్లు వెళ్లి ఉంటాను. వాటిని చూసింది మాత్రం ఉద్యోగం వదిలిన తరువాతనే.

మన వైపు కొండలు కోనసీమ తోటల వంటివి కావు. ఎప్పుడు వెళ్లినా పచ్చగా నవ్వుతూ ఎదురువచ్చే నేల కాదు మనది. ఇది బండ, ఎండ, వాటి మీద పడే నీడ. అందువల్ల ఇక్కడ ఏ చోటికి వెళ్లావన్నదాని కన్నా ఏ వేళకు వెళ్లావన్నదే ముఖ్యం. ఇది నేను డబ్బు ఖర్చు పెట్టుకొని, మీ అత్త చేత మాటలు పడి నేర్చుకున్న సంగతి. పెళ్లయిన కొత్తలో కాదు, పిల్లలు బడికి వెళ్లే రోజుల్లో, మే నెలలో ఒకనాడు అందరినీ గండికోటకు తీసుకువెళ్లాను. పన్నెండు గంటలకు చేరాము. గుడి ముందు చెప్పులు విడిచిన చిన్నవాడు నాలుగు అడుగులు వేసి బండ కాలి ఏడుపు అందుకున్నాడు. తెచ్చుకున్న నీళ్లు కోట వాకిలి దాటక ముందే అయిపోయాయి. లోయ అంచున నిలబడితే ఎండకు కళ్లు చిట్లించడమే తప్ప ఎదుటి గోడ కూడా సరిగా ఆనలేదు. "ఈ రాళ్లు చూడడానికా ఇంత దూరం" అని మీ అత్త అన్న మాట ఇప్పటికీ పండుగకో పబ్బానికో మా ఇంట్లో వినిపిస్తూనే ఉంటుంది.

అదే గండికోటను కొన్నేళ్ల తరువాత ఒక నైట్ హాల్ట్ డ్యూటీలో మళ్లీ చూశాను. రాత్రి బస్సు ఊళ్లోనే ఆగింది. తెల్లవారుజామున డ్రైవరు నన్ను తట్టి లేపి, టీ దొరికేదాకా ఊరికే కూర్చునే బదులు అంచు దాకా నడిచి వద్దామన్నాడు. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న పోయే ఆ గండి అప్పటికి ఇంకా నల్లగా, అడుగు కనబడకుండా ఉంది. కొంతసేపటికి ఎదుటి గోడ పైవరుసకు మాత్రం వెలుగు అంటింది, కొత్తబెల్లం రంగులో. ఆ తరువాత ఎవరో పైనుంచి దుప్పటి లాగుతున్నట్లు నీడ ఒక్కొక్క వరుసే కిందికి జారడం మొదలుపెట్టింది. ఇటుకలు పేర్చినట్లు పలకలు పలకలుగా ఉన్న ఆ బండల్లో ప్రతి పలకకూ ఒక నీడగీత ఏర్పడి, గోడ మొత్తం చెక్కినట్లు కనిపించింది. అవతలి గట్టు మీద మేకల కాపరి ఎవరో దగ్గితే ఆ దగ్గు ఇవతల మా పక్కన దగ్గినట్లు వినబడింది. ముప్పావు గంట గడిచేసరికి వెలుగు నీటి దాకా దిగింది, గీతలన్నీ చెరిగిపోయాయి, మామూలు రాళ్లు మిగిలాయి. ఆ రోజు మా సర్వీసు పది నిమిషాలు ఆలస్యంగా కదిలింది. అందుకు కారణం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

కాబట్టి గండికోటను కేంద్రంగా పెట్టుకొని మిగతావి దాని చుట్టూ సర్దుకో, లేదా కొట్టివేయి. సంగమేశ్వరాన్ని ముందుగా కొట్టివేయి. శ్రీశైలం జలాశయంలో నీళ్లు బాగా తగ్గిన వేసవి నెలల్లో తప్ప ఆ గుడి బయటపడదు, దసరాకు అది కృష్ణ నీళ్ల అడుగున ఉంటుంది. ఎగువ అహోబిలం దాటి కొండల్లో ఉన్న నరసింహుల దగ్గరికి రాళ్ల మీదా వాగు వెంబడీ నడవాలి, చిన్నదానిని చంకనెత్తుకొని వెళ్లే చోటు కాదు. లేపాక్షి హిందూపురానికి దాదాపు 15 కిలోమీటర్ల దూరం, అది బెంగళూరు ప్రయాణంలో చూడవలసినది. పైకప్పు చిత్రాల కోసం అక్కడ మెడ నొప్పి పుట్టేదాకా నిలబడాలి, గంటలో ముగించేట్టయితే వెళ్లకపోవడమే మేలు. ఒంటిమిట్ట, సిద్ధవటం కడప పక్కనే ఉన్నాయి గనుక సంక్రాంతికి వచ్చినప్పుడు నేనే తీసుకువెళతాను. మర్రిమాను, మహానంది మరోసారికి.

ఇక మిగిలిన దారి సంగతి. మొదటి రోజు తెల్లవారకముందే బయలుదేరి కర్నూలులో ఉగ్గాని, బజ్జీ తిని, నంద్యాల దారిలో ఓర్వకల్లు రాతివనాల దగ్గర పిల్లలను ఒక గంట వదిలిపెట్టు. సాయంత్రానికి బనగానపల్లె మీదుగా యాగంటి చేరు. అక్కడి పుష్కరిణిలోకి కొండ నుంచి వచ్చే నీళ్లు నంది నోటి గుండా పడుతుంటాయి, చల్లగా ఉంటాయి. అగస్త్యుని శాపం వల్ల యాగంటిలో కాకులు వాలవని చెప్పుకుంటారు కదా, ఒక్క కాకినైనా వెతికి చూపించమని పిల్లలకు పందెం కట్టు. మీకు ఒక గంట ప్రశాంతంగా గడుస్తుంది. అక్కడి రాతి బసవన్న ఏటేటా పెరుగుతున్నాడన్న నమ్మకం గురించి అల్లుడు వాదన పెట్టుకోకుండా చూసుకో.

రెండవ రోజు బనగానపల్లె నుంచి కొలిమిగుండ్ల దాకా కారును మెల్లగా పోనివ్వమని చెప్పు. నల్లరేగడి చేలు, వాటి గట్ల మీద కంచెగా నిలబెట్టిన నాపరాళ్లు, నాపరాతి గోడలు, నాపరాతి కప్పులు, పశువులు నీళ్లు తాగే తొట్లు సైతం నాపరాయే. దారిలో పాలిష్ బండల ఫ్యాక్టరీల దగ్గర తెల్లటి దుమ్ము చెట్ల ఆకుల మీద పేరుకొని ఉంటుంది. దిగి, ఆ రాతిని పిల్లల చేత ఒకసారి తాకించు. ఎందుకంటే బెలుం గుహలన్నీ అటువంటి సున్నపురాతిని వేల ఏళ్లు నీళ్లు కరిగించి తొలిచినవే. పైన చేలు చేలుగా కనబడే ఆ నేల కింద 3,229 మీటర్ల పొడవున సొరంగాలు ఉన్నాయంటే, పైన రాతిని తాకిన పిల్లలకు కింద అది అర్థమవుతుంది.

బెలుంను సరిగ్గా మిట్టమధ్యాహ్నానికి పెట్టుకో. సీమలో ఆ వేళకు తగిన చోటు అదొక్కటే, లోపల పగలూ రాత్రీ ఒకటే గనుక. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ కాలపు భూగర్భ శాస్త్రవేత్త 1884లోనే వీటి గురించి రాశాడు. ఆ తరువాత చాలా కాలం ఎవరూ పట్టించుకోలేదు. 1982, 1983 సంవత్సరాల్లో గెబావర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి లోపలి దారులను కొలిచాడు. 2002లో పర్యాటక శాఖ మెట్లూ దీపాలూ పెట్టి జనానికి తెరిచింది. అంతకుముందు ఆ వైపు పల్లెల వారు ఆ బిలం దగ్గరికి పిల్లలను పోనిచ్చేవారు కాదు. లోపల చల్లగా ఉంటుందని అనుకొని ఉన్ని బట్టలు తెచ్చేవు, వద్దు. ఉక్కపోతకు చొక్కా తడిసిపోతుంది. పలుచని నూలు బట్టలు, ఒక తువ్వాలు, జారని చెప్పులు చాలు. మీ అత్తగారు కూడా వచ్చేట్టయితే, ఆమెకు ఆయాసం ఉందని విన్నాను, పై నుంచే చూడమను. అడుగున ఉన్న పాతాళగంగ అనే నీటిపాయ నేలమట్టానికి 46 మీటర్ల లోతు, దిగినంత సులభం కాదు ఎక్కడం. సప్తస్వరాల గుహలో రాతి ఊడలను గట్టిగా కొట్టవద్దని పిల్లలకు ముందే చెప్పు, స్వరం పలకడానికి వేలి కణుపుతో తడితే చాలు. నలుగురు పోగై కేకలు పెట్టే గుంపు వెనుక పడకుండా, వారిని ముందు పోనిచ్చి పది నిమిషాలు ఆగి నడవండి. ఎక్కడో ఒక నీటిచుక్క పడే చప్పుడు అప్పుడే వినబడుతుంది.

అక్కడి నుంచి జమ్మలమడుగు మీదుగా గండికోటకు దాదాపు 60 కిలోమీటర్లు. చీకటి పడకముందే చేరి, రాత్రి అక్కడే పడుకొని, తెల్లవారకముందే అంచుకు నడవండి. అంచున కటకటాలు లేని చోట్లే ఎక్కువ, కాబట్టి పిల్లల చేతులు వదలవద్దు. ఫోటోల కోసం బండ మీదికి వెనక్కి వెనక్కి నడవవద్దని అల్లునికి నా మాటగా చెప్పు. ఎండ ముదిరేలోగా మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, దాని పక్కనున్న ధాన్యాగారం చూసి, పదింటికి బయటపడండి. పదకొండుకు ప్రొద్దుటూరులో మా ఇంట్లో సంగటి, శెనగవిత్తనాల చట్నీ సిద్ధంగా ఉంటాయి. ఆ పగలంతా పడుకోండి. నాలుగవ రోజు తిరుగు ప్రయాణం.

వచ్చే ఏడు విదేశానికి వెళ్లాలా వద్దా అని అల్లుడు అడిగాడట. వెళ్లమను, నేను కాదననుగదా. అంతకన్నా ముందు ఒక పగటిపూట నంద్యాల నుంచి గిద్దలూరుకు రైలెక్కి, నల్లమల అడవిలో బొగద సొరంగం దాటేటప్పుడు కిటికీ పక్కన కూర్చొని రమ్మను. వానలు పడిన తరువాత వెళ్లాలి సుమా, ఎండల్లో ఆ అడవి ఆకు రాల్చి నిలబడుతుంది.

ఏ రోజు బయలుదేరేదీ ముందుగా ఫోన్ చేసి చెప్పు, గండికోటలో గది దొరకడం పండుగ రోజుల్లో కష్టం. టార్చిలైటు తప్పక తెచ్చుకో. పాతదైతే సెల్లులు మార్చు, తెల్లవారుజామున ఊరి నుంచి అంచు దాకా దారిలో వీధిదీపాలు ఉండవు.

ఇట్లు
ఆశీస్సులతో,
మీ మామ