రోజూ నడిపే కారుకి, అప్పుడప్పుడు ట్రాక్‌కి ఏ సస్పెన్షన్?

రోజూ ఆఫీసుకి నడిపే కారునే ఎప్పుడైనా రేస్ ట్రాక్ మీదకి తీసుకెళ్లాలి, కాయిలోవర్లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే, ఎత్తు మార్చుకోగల సెట్) వేయించాలా అని మీ ప్రశ్న. నన్నడిగితే ముందు మంచి టైర్లు, తర్వాత డ్యాంపర్లు (అంటే షాక్ అబ్జార్బర్లు). పాత డ్యాంపర్ల మీద పొట్టి స్ప్రింగులు మాత్రం వేయించకండి (చాలామంది చేసే పొరపాటు ఇదే). కదలడానికి చోటు తగ్గి, గుంతల్లో సస్పెన్షన్ బంప్‌స్టాప్‌లకి (కదలికని చివర్లో ఆపే రబ్బరు దిమ్మలకి) కొట్టుకుంటుంది. మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, డ్యాంపర్ ఒకే నిలువు భాగంగా ఉండే సస్పెన్షన్) కారుని మరీ కిందికి దించితే రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) గరిమనాభి కంటే ఎక్కువగా దిగిపోతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ మలుపుల్లో ఒరిగే గుణం పెరుగుతుంది. 20 మిల్లీమీటర్లు దించితే చాలు.

తర్వాత అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయించడం) తప్పనిసరి. ముందు చక్రాలకి 1.5 నుంచి 2 డిగ్రీల నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం), టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సున్నాకి దగ్గరగా. రోడ్డు మీద టైర్లని ఎక్కువగా తినేసేది క్యాంబర్ కన్నా టోనే.

కాయిలోవర్లా? ఎత్తు, డ్యాంపింగ్ మార్చి మార్చి చూసుకునే ఓపిక ఉంటేనే.