సభలో అందరూ కేకలు వేస్తుంటే నాకేమీ అనిపించలేదు... మళ్లీ వెళ్లాలా?

ప్రశ్న: నా వయసు 36. చంద్రగిరి దగ్గర పల్లె మాది. పదిహేనేళ్లుగా పార్టీలో తిరుగుతున్నాను. 2024 మే 13న మా బూత్‌లో ఏజెంట్‌గా కూర్చున్నాను. ఆరు నెలలుగా నిద్ర లేదు, దేని మీదా మనసు నిలవదు. డిప్రెషన్ అని చెప్పి డాక్టర్ ఎస్‌సిటాలోప్రామ్ 10 ఎంజీ రాశారు. మూడు వారాలుగా వాడుతున్నాను. మొన్న తిరుపతిలో ప్రచార సభకు వెళ్లాను. మత్తుగా ఉంటుందని ఆ రోజు మాత్ర మానేశాను. అందరూ ఊగిపోతుంటే నేను కట్టెలా నిలబడ్డాను. ఇంటికొచ్చి ఏడ్చాను. వచ్చే వారం ఇంకో సభ ఉంది. 'నలుగురిలో పడితే అదే పోతుంది, రారా' అంటారు స్నేహితులు. వద్దంటుంది నా భార్య. ఒక్కోసారి నేను లేకపోతే వీళ్లంతా హాయిగా ఉంటారనిపిస్తుంది. ఏం చేయమంటారు?

సమాధానం: సభ సంగతి తర్వాత చూద్దాం. మీరు చివర్లో రాసిన ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. నేను లేకపోతే ఇంట్లోవాళ్లు హాయిగా ఉంటారని మీ చేత అనిపిస్తున్నది జబ్బు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇదే మాట అంటారు. అదే సమయంలో వాళ్ల భార్యాపిల్లలు బయట బెంచీ మీద కళ్లు తుడుచుకుంటూ ఉంటారు.

ఈ మాట ఈ రోజే మీ భార్యకు చెప్పండి. మందు రాసిన డాక్టర్‌కూ చెప్పండి, మళ్లీ రమ్మన్న తేదీ దాకా ఆగొద్దు. మందు మొదలుపెట్టిన కొత్తలో కొందరికి ఒంట్లో ఓపిక ముందు వస్తుంది, మనసు తర్వాత తేరుకుంటుంది. అందుకే ఈ వారాల్లో మీ పక్కన ఒకరు ఉండాలి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉంటే వెంటనే వేరేచోట పెట్టించండి. మాత్రలు కూడా కొన్నాళ్లు ఆమె చేతిలోనే ఉండనివ్వండి. చనిపోవాలన్న ఆలోచన గట్టిపడితే అర్ధరాత్రయినా సరే తిరుపతి రుయా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు ఎప్పుడు చేసినా పలుకుతారు. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక సభలో జరిగింది. డిప్రెషన్ అంటే ఏడుపొక్కటే అనుకుంటారు చాలామంది. ఇష్టమైనవి రుచించకపోవడం కూడా అంతే ముఖ్యమైన లక్షణం. జ్వరమొచ్చినప్పుడు అన్నం చేదుగా అనిపిస్తుంది కదా, ఇదీ అలాంటిదే. పార్టీ మీద మీ అభిమానం చచ్చిపోలేదు, మందు పనిచేయడం లేదనీ కాదు. ఈ మాత్రల గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మీకింకా మూడు వారాలే. పాత మనిషి తిరిగొచ్చాడా లేదా అని తేల్చుకోవడానికే మీరు ఆ సభకు వెళ్లారని నాకు అనిపించింది. ఇప్పుడు ఆ పరీక్ష మీకు మీరు పెట్టుకోకండి.

మీ స్నేహితుల మాటలో సగం నిజముంది. గదిలో ఒంటరిగా పడుకుంటే డిప్రెషన్ పెరుగుతుంది, అందుకే కొంచెం కొంచెంగా బయటికి రమ్మని మేమూ చెబుతాం. కానీ ప్రచార సభ 'కొంచెం' కాదు. మధ్యాహ్నమే వ్యాన్‌లో ఎక్కిస్తారు, నాయకుడు ఎప్పుడొస్తాడో తెలియదు, చెవులు బద్దలయ్యే డీజే, మధ్యలో లేచి రావాలంటే దారి ఉండదు. ముందు ఈ వారం ఊళ్లో టీ అంగడి దగ్గర ఇద్దరు పాత మిత్రులతో అరగంట కూర్చోండి. అది కుదిరి, మీ డాక్టర్ కూడా సరేనంటే సభకు వెళ్లవచ్చు. వ్యాన్ వద్దు, మీ సంగతి తెలిసిన ఒక మిత్రుడి బండి మీద వెళ్లండి. జనం అంచున నిలబడండి. ముప్పావుగంట అనుకుంటే ముప్పావుగంటకే తిరిగొచ్చేయండి, బాగున్నా సరే. ఆ ఉదయం మంచం మీద నుంచి లేవలేకపోతే మానేయండి, అందులో తప్పేమీ లేదు.

మాత్ర మాత్రం మానొద్దు. మత్తుగా ఉంటే రాత్రిపూట వేసుకోవచ్చేమో డాక్టర్‌ను అడగండి. ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. బాగైపోయిందనిపించాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. సభ అయ్యాక సీసా తెరిచే అలవాటుంటే ఇప్పుడు పూర్తిగా వద్దు, మద్యం తాగితే డిప్రెషన్ ఇంకా ముదురుతుంది. తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో మజ్జిగో ఓఆర్‌ఎస్ నీళ్లో వెంట పెట్టుకోండి. ఈ రకం మాత్రల వల్ల కొందరికి ఒంట్లో సోడియం తగ్గుతుంది. తలనొప్పి, వాంతి, అయోమయం కలిసి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇది చదివేవాళ్లలో మానసిక జబ్బుకు లిథియం అనే మందు వాడేవారుంటే ఎండలో సభల జోలికి వెళ్లకండి, ఒంట్లో నీరు తగ్గితే ఆ మందు రక్తంలో పెరిగి విషమవుతుంది.

ఈసారీ ఏజెంట్‌గా కూర్చోమంటారేమో. తెల్లవారకముందే బూత్‌కు చేరి రాత్రి దాకా ఉండే పని అది, నిద్ర సరిపడని మనిషి చేయలేడు. 'ఒంట్లో బాగాలేదన్నా, మందులు వాడుతున్నా, ఈసారికి ఇంకొకర్ని పెట్టండి' అంటే చాలు. జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఓటు మాత్రం పొద్దున్నే క్యూ తక్కువగా ఉన్నప్పుడు మీ భార్యతో కలిసి వెళ్లి వేసి రండి.